విసనకర్ర ఈకలు వాలిపోతుంటే

నాటకంలో మొదటి ఎలిజబెత్ రాణి వేషానికి చేసిన విసనకర్రలో గ్లూ గన్‌తో (జిగురు కడ్డీని వేడితో కరిగించి అంటించే పరికరం) అంటించిన నిప్పుకోడి ఈకలు నాలుగు ఊపులకే వాలిపోతున్నాయనీ, కొన్ని ఊడి చేతికొస్తున్నాయనీ రాశారు కదండీ. తప్పు ఈకలది కాదు, గ్లూ గన్‌ది. ఈక కాడ నున్నగా ఉంటుంది, ఆ జిగురు చల్లారాక దాని మీద పట్టు నిలవదు.

ముందు అన్నీ విప్పేయండి. ప్రతి ఈకకీ అడుగున నాలుగైదు సెంటీమీటర్ల మేర నూగు పీకేసి, కాడని గరుకు కాగితంతో కాస్త రుద్దండి. రెండేసి ఈకల్ని వీపులు కలిపి, మధ్యలో పూల అలంకరణకి వాడే సన్నటి తీగ పెట్టి, అదే రంగు దారంతో చుట్టండి. తీగ సగం ఎత్తు దాకా పోవాలి. అప్పుడు ఈక నిండుగా కనిపిస్తుంది, వంపూ మీరు తిప్పినట్టే ఉంటుంది.

మందపాటి అట్టలు రెండు తమలపాకు ఆకారంలో కోసి, ఒకదాని మీద కాడలు పరిచి సూదీ దారంతో కుట్టేయండి. ఈ కుట్టు మాత్రం మానొద్దు. పిడి కర్రనీ అక్కడే కుట్టి, చెప్పుల గమ్ రాసి రెండో అట్ట మూసి, రాత్రంతా బరువు పెట్టండి. అట్టల పైన ముత్యాలో జరీనో మీ ఇష్టం.

మడత విసనకర్రకి మారొద్దు. సుమారు 1575లో గీసిన ఆ రాణి చిత్తరువు, డార్న్‌లీ చిత్రం అంటారు, అందులో ఆమె చేతిలో ఉన్నది రంగురంగుల ఈకలదే. పిడి చివర చిన్న రింగు బిగించి రిబ్బనుతో నడుముకి వేలాడదీయండి, ఆ కాలపు స్త్రీలూ అలాగే కట్టుకునేవారు. డైలాగులప్పుడు చేతులూ ఖాళీగా ఉంటాయి.