ఆరు లైన్ల మార్పు

అమ్మాయీ,

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కోసం, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టు కోసం, నువ్వు పంపిన కోడ్ మార్పు చూశాను. లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నావు. కానీ దాన్ని సరిచేసినవి ఆరు లైన్లు, నువ్వు మార్చినవి నాలుగు వందలు. మిగతావన్నీ నీ ఎడిటర్ తనంతట తాను సర్దిన ఖాళీలు. ఆ ప్రాజెక్టును చూసుకునేవాళ్లలో చాలామంది సొంత ఉద్యోగం ముగించుకుని, రాత్రి మిగిలిన గంటలో ఇలాంటివి చదువుతారు. నీ ఆరు లైన్లను వాళ్లు వెతుక్కోవాలా?

కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో, గిట్ యాడ్ కమాండ్‌కు హైఫన్ పీ తగిలించి చూడు. మార్పులను ముక్కముక్కగా చూపించి, కమిట్‌లోకి, అంటే చరిత్రలో ఒకటిగా నమోదయ్యే మార్పుల కట్టలోకి, ఏది వెళ్లాలో నిన్నే అడుగుతుంది. నాకు విసుగు పుట్టించే పనే, అయినా నా తప్పులు సగం అక్కడే దొరుకుతాయి. మరచిపోయిన ప్రింట్ స్టేట్‌మెంట్లు, ఒక్కోసారి పాస్‌వర్డ్ కూడా! అది ఒకసారి పుష్ అయి సర్వర్‌కు చేరిందంటే తర్వాత కమిట్‌లో తుడిచినా చరిత్రలో ఉండిపోతుంది. ఆ పాస్‌వర్డ్‌నే మార్చుకోవాలి.

నీ ఫోర్క్‌లో, అంటే ఆ ప్రాజెక్టుకు నువ్వు తీసుకున్న సొంత నకలులో, ప్రధాన శాఖైన మెయిన్ బ్రాంచ్‌లోనే పని చేశావు. అసలు ప్రాజెక్టును అప్‌స్ట్రీమ్ అనే పేరుతో రిమోట్‌గా, అంటే సర్వర్ చిరునామాగా, చేర్చుకుని, తాజా కోడ్‌ను ఫెచ్ చేసి దింపుకుని, ఒక్కో మార్పుకు ఒక్కో బ్రాంచ్ తీసుకో.

ఇక కమిట్ సందేశం. 'బగ్ సరిచేశాను' అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? మొదటి లైను యాభై అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైను, ఆ కింద వివరం. ఏం మారిందో, పాత కొత్త లైన్ల తేడా చూపే డిఫ్ చెబుతుంది. ఎందుకు మారిందో నువ్వే చెప్పాలి. ఒకసారి నేను అర్థం లేని షరతులా కనిపించిన ఒక లైను తీసేశాను. రెండు రోజుల్లో ప్రోగ్రామ్ కూలింది. ఆ లైను ఎవరు రాశారా అని, ఏ లైను ఎవరిదో చూపే గిట్ బ్లేమ్‌లో చూస్తే నా పేరే ఉంది. సందేశం: 'చిన్న మార్పు'. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నంతగా ఇంకెవరినీ తిట్టలేదు.

పుల్ రిక్వెస్ట్, అంటే నీ మార్పును కలుపుకోమనే అభ్యర్థన, తెరిచే ముందు ప్రాజెక్టు నియమాలుండే కంట్రిబ్యూటింగ్ ఫైలు చదువు. లినక్స్ కెర్నల్ లాంటి చోట్ల కమిట్ చివర, ఆ కోడ్ ఇచ్చే హక్కు నీకుందని చెప్పే సైన్డ్ ఆఫ్ బై లైను తప్పనిసరి. గిట్ కమిట్‌కు హైఫన్ చిన్న ఎస్ జోడిస్తే అదే వచ్చేస్తుంది.

సమీక్షలో 'ఇది ఇలా వద్దు' అంటారు. ఆ మాట కోడ్ గురించే, నీ గురించి కాదు. నీ కారణం గట్టిదనుకుంటే మర్యాదగా చెప్పు. లేకపోతే మార్చి పంపు. ఈలోగా మెయిన్ ముందుకు వెళ్లిపోతే, వాళ్ల పద్ధతి అదే అయితే రీబేస్ చెయ్యి, అంటే నీ కమిట్‌లను తాజా మెయిన్ మీద మళ్లీ పేర్చు. తర్వాత పుష్ చేసేటప్పుడు అవతల ఉన్నదాన్ని చూడకుండా చెరిపేసే ఉత్త ఫోర్స్ బదులు, ఈలోగా ఇంకెవరైనా మార్చి ఉంటే ఆగిపోయే ఫోర్స్ విత్ లీజ్ వాడు, అదీ నీ బ్రాంచ్‌లోనే. రీబేస్ చెడిపోయినా కంగారు పడకు. కమిట్ చేసినదేదైనా మామూలుగా కనీసం 30 రోజులు, గిట్ నీ పాత స్థితులను రాసుకునే చిట్టా అయిన రీఫ్లాగ్‌లో దొరుకుతుంది. కమిట్ చేయనిదానికే ఆ భరోసా లేదు.

ఇప్పుడున్న బ్రాంచ్‌ను తుడిచేయకు. అందులోని ఆ ఆరు లైన్లనే కొత్త బ్రాంచ్‌లోకి తెచ్చుకుని, ఆ లోపాన్ని పట్టే టెస్ట్ ఒకటి రాసి, మళ్లీ నాకు చూపించు.

నీ పెదనాన్న