కెమెరా కొన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు దించుతున్న కూలీల ఫోటో చాలా బాగుంది. వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసుకుని మరీ నిలబడ్డావు. ముక్కూమొహం తెలియని వాళ్లను రోడ్డు మీద ఫోటో తీస్తే తప్పా, తీసినవి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా అని అడిగావు. రెండూ కలిపి అడిగావు గానీ, అవి వేరువేరు ప్రశ్నలు. పత్రికలకు ఫోటోలు తీస్తూ ఇన్నేళ్లు తిరిగిన వాడిగా నీకు ముందు ఆ తేడానే చెప్పాలి.

తీయడం సంగతి సులువు. మన దేశంలో బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయకూడదని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. సంత, తీర్థం, బస్టాండు, రైతుబజారు, ఎక్కడైనా తీసుకోవచ్చు. కొన్ని చోట్లకు మాత్రం విడిగా నిబంధనలు ఉంటాయి. విశాఖలో నౌకాదళం స్థలాల వైపు కెమెరా తిప్పకు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా పోతుంది వ్యవహారం. తిరుమల ఆలయంలోకి అసలు ఫోనే తీసుకెళ్లనివ్వరు. చార్మినార్‌ను చేత్తో పట్టుకున్న కెమెరాతో తీసుకోవచ్చు గానీ, ట్రైపాడ్ వేయాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. మాల్‌లో అయితే యజమాని చెప్పిందే రూలు.

ఇంతవరకు విని "రోడ్డు మీదికి వచ్చాక ఇంకా గోప్యత ఏమిటి" అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. ఫోటోగ్రాఫర్లలోనే ఎక్కువ. ఆ మాట నమ్మకు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులోనే గోప్యత కూడా ఉందని తీర్పు చెప్పింది. గోప్యత మనిషికి సంబంధించినది, చోటుకు కాదనీ, బయటికి వచ్చినంత మాత్రాన అది పూర్తిగా పోదనీ ఆ తీర్పులో రాశారు. అంతకుముందే, 1994లో, రాజగోపాల్ కేసులో అదే కోర్టు ఒక మనిషి పేరునూ రూపాన్నీ అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం గోప్యతను భంగపరచడమేనని చెప్పింది. కాబట్టి ఆ కూలీ ఫోటో నీ గోడ మీద పెట్టుకుంటే ఎవరూ అడగరు. అదే ఫోటోను ఏదో ఎరువుల కంపెనీ బ్రోచర్‌కు అమ్మావంటే అతని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఉండాలి. ఫోటో మీద కాపీరైట్ నీదే. అతని మొహం మీద కాదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి కూడా అడిగావు. సొంత, ఇంటి అవసరాల కోసం తీసుకునే మనిషికి అది వర్తించదు. నీ పేజీ రేపు వ్యాపారంగా మారితే మాత్రం ఆ మినహాయింపు నిన్ను కాపాడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2027లో గోదావరి పుష్కరాలు. నువ్వు రాజమండ్రి రేవుల్లో తెల్లవారుజాము నుంచి తిరుగుతావని నాకు తెలుసు, తిరగాలి కూడా. అక్కడే చాలా జాగ్రత్తగా ఉండాలి. తడిబట్టలతో నీళ్లలోంచి లేస్తున్న ఆడవాళ్లను జూమ్ లెన్స్‌తో తీయడం ఫోటోగ్రఫీ అని ఎవడు చెప్పినా వినకు. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ శరీరంలోని రహస్య భాగాలను అనుమతి లేకుండా తీసినా, ప్రచురించినా మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ అంటుంది. ఆ సెక్షన్ వివరణలోనే, ఆ మనిషి ఉన్నది బహిరంగ ప్రదేశమా, ప్రైవేటు చోటా అన్నదానితో నిమిత్తం లేదని స్పష్టంగా ఉంది. రేవు మీద బట్టలు మార్చుకోవడానికి కట్టిన తడికల వైపు కెమెరా తిప్పితే, పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కిందికి వస్తావు, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్లు. 79వ సెక్షన్ ఇంకా విశాలమైనది. స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో ఆమె గోప్యతలోకి చొరబడటం కూడా అందులోకి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో స్నానం చేస్తున్న ఆడవాళ్ల వీడియోలు పెట్టిన సోషల్ మీడియా ఖాతాల మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు కేసులు పెట్టారు. ఆ తల్లులు పుణ్యం కోసం నదిలో మునిగారు. వాళ్లకు అలాంటి గతి పట్టినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

77వ సెక్షన్‌లో ఇంకో వివరణ ఉంది, అది ప్రతి ఫోటోగ్రాఫరూ చదవాలి. ఫోటో తీయడానికి ఒప్పుకున్న మనిషి, దాన్ని పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. అది అలాంటి ఆంతరంగిక చిత్రాల విషయంలో పెట్టిన నియమం. నేను మాత్రం దాన్ని రోడ్డు మీద తీసే ప్రతి ఫోటోకూ పాటిస్తాను. తీయనిచ్చాడంటే ఊరందరికీ చూపించమన్నాడని కాదు.

ఎందుకంత పట్టుదల అంటే, ఫోటో బయటికి వెళ్లాక దాని మీద నీకూ అదుపు ఉండదు, అందులో ఉన్నవాళ్లకూ ఉండదు. అదే కుంభమేళాలో పూసల దండలు అమ్ముకునే ఒక అమ్మాయి కళ్లు బాగున్నాయని ఎవరో వీడియో పెట్టారు. మర్నాటి నుంచి ఫోన్లు పట్టుకున్న గుంపు ఆమె చుట్టూ మూగింది, దండలు కొనేవాడు లేడు. బేరాలు సాగక, ఊపిరాడక, చివరికి ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమెకు సినిమా అవకాశం వచ్చిందని కొందరు వెంటనే అంటారు. రాకపోయి ఉంటే? ఇంకొకటి 2002 నాటిది. అహ్మదాబాద్ అల్లర్లలో చేతులు జోడించి ప్రాణభిక్ష అడుగుతున్న దర్జీ ఫోటో, రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ ఆర్కో దత్తా తీసింది. అది తీయాల్సిన ఫోటోనే, అక్కడ నేనున్నా తీసేవాణ్ణి. కానీ ఆ ఒక్క ఫోటోతో ఆ దర్జీ మొహం దేశమంతటికీ తెలిసిపోయింది. ఎక్కడ పనికి చేరినా గుర్తుపట్టారు, పని పోయింది, ఊళ్లు మారాడు. పార్టీలు ఆయన్ను అడగకుండానే ఆ బొమ్మను తమ ప్రచారానికి వాడుకున్నాయి. అంత అవసరమైన ఫోటోకే ఇంత మూల్యం ఉంటే, లైకుల కోసం పెట్టే ఫోటో గురించి ఇంకెంత ఆలోచించాలి!

మరి ఎలా తీయాలి? ముందు కెమెరా కిందికి దించి మాట్లాడు. "బాబాయ్, మీ పని ఫోటో తీసుకుంటాను, ఇబ్బందేం లేదు కదా" అంటే పదిమందిలో ఎక్కువమంది సరే అంటారు, కొందరు జుట్టు సర్దుకుంటారు. సహజత్వం పోతుందని నీ భయం. కాసేపు అక్కడే ఉండు, టీ తాగు, వాళ్లు నిన్ను మరచిపోయి మళ్లీ పనిలో పడతారు. ఒక్కోసారి ముందు అడిగితే ఆ క్షణం పోతుంది. అలాంటప్పుడు తీసేశాక దగ్గరికి వెళ్లి స్క్రీన్ మీద చూపించు. వద్దంటే వాళ్ల కళ్లముందే డిలీట్ చేసెయ్. వాదించకు, చట్టం చదవకు. వాట్సాప్ నంబరు ఇస్తే ఆ ఫోటో వాళ్లకు పంపు, ఆ రోజే పంపు. సంతలో ముసలమ్మకు స్టూడియోలో ప్రింటు వేయించి ఇస్తే ఎంత సంబరపడుతుందో నువ్వే చూస్తావు.

పిల్లల దగ్గర నా నియమం ఇంకా గట్టిది. విచారణల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. నేను దాన్ని వీధిలో అడుక్కునే పిల్లలకు, హోటల్లో గ్లాసులు కడిగే పిల్లలకు కూడా వర్తింపజేస్తాను. తల్లో తండ్రో పక్కన ఉండి ఒప్పుకుంటే తప్ప పిల్లల మొహం పెట్టకు. స్కూలు యూనిఫాం మీద పేరు కనిపిస్తే అసలు వద్దు. ఆసుపత్రి వరండాలో, యాక్సిడెంట్ దగ్గర, శవం మోసుకెళ్తున్న వాళ్ల ముందు కెమెరా ఎత్తేముందు, అది నీ పని అవునా కాదా అని నిన్ను నువ్వే ఒకసారి అడుగు.

ఎవరైనా అడ్డుకుంటే టెన్షన్ పడకు. కెమెరా లాక్కునే హక్కు దారిన పోయేవాళ్లెవరికీ లేదు. పోలీసు అడిగితే మర్యాదగా చూపించు, స్వాధీనం చేసుకుంటే రసీదు అడుగు. గుంపు పోగయితే మాత్రం హక్కుల గురించి మాట్లాడే సమయం కాదు, అక్కణ్ణుంచి కదులు.

ఇక నువ్వు చదువుకోవడానికి వెళ్తున్న జర్మనీ. అక్కడ సంగతి మనకంటే చాలా కట్టుదిట్టం. 1898లో బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఆ ఇంట్లో చొరబడి శవం ఫోటో తీశారు. ఆ గొడవ తర్వాత 1907లో వచ్చిన చట్టం, ఒక మనిషి బొమ్మను ఆ మనిషి అనుమతి లేకుండా ప్రచురించరాదంటుంది. ఊరేగింపులు, సభలు, దృశ్యంలో ఎక్కడో మూల కనిపించే మనుషులకు మినహాయింపు ఉంది. నీ క్లాసులు మొదలైన వారంలోనే వీధుల్లో తిరుగుతూ మొహాలు పోస్టు చేయకు. దుబాయ్‌లో ఉన్న నీ స్నేహితుడికి కూడా చెప్పు, అక్కడ 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద అనుమతి లేకుండా ఇతరుల ఫోటో తీసి వాళ్ల గోప్యతను భంగపరిస్తే కనీసం ఆరు నెలల జైలు, లేదా లక్షన్నర దిర్హామ్‌ల నుంచి అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన సంతలో తీసినట్టు తీస్తే ఉద్యోగం, వీసా రెండూ పోతాయి.

వెళ్లేముందు నీ ఫోటోల ఫోల్డర్ నాకు పంపు. ఏవి పెట్టాలో, ఎవరిని ఇంకా అడగాలో కలిసి చూద్దాం. రావులపాలెం కూలీలను మాత్రం ఈ ఆదివారమే వెళ్లి అడిగిరా.

అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య