మోటరు కథ నోటితో చెప్తడు, నోటుబుక్కుల రాయడు

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. బాబు అయిదో తరగతి. నోరు తెరిస్తే ఆగడు. మొన్న మా బావగారి బత్తాయి తోటలో బోరు మోటరు కాలిపోతే, ఆ సంగతి అరగంట సేపు చేతులు తిప్పుకుంట చెప్పిండు. బడిలో వర్షాకాలం మీద వ్యాసం రాయమంటే మాత్రం ‘వర్షము మంచిది. వర్షము వలన పంటలు పండును’ అని రాసి పుస్తకం మూసిండు. తప్పు పోయిన ప్రతి మాటనూ పదిసార్లు రాయిస్తున్న. ఇప్పుడు పుస్తకం తీస్తే చాలు, కడుపు నొస్తుందంటడు. వాళ్ల నాన్న లారీ మీద షోలాపూర్ దిక్కు పోతడు, నెలకోసారి వస్తడు. మా అత్తమ్మకు చదువు రాదు. నేనొక్కదాన్నే చూసుకోవాలె. ఏం చేయమంటరు?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, అరగంట చెప్పగలిగిన పిల్లగానికి మాటల కరువు లేదు. ‘పండును’ అని మీ ఇంట్లో ఎవరంటరు? ఎవరూ అనరు. పుస్తకంలో రాసే తెలుగు వేరే ఉంటదనీ, అది తనకు రాదనీ బాబు అనుకుంటున్నడు. ముందు ఆ భయం పోవాలె.

ఈ ఆదివారం మోటరు కథ మళ్లీ చెప్పమనండి. ఈసారి రాసేది మీరు. వాడు ‘పెద్దనాయిన నెత్తి పట్టుకుని కూసున్నడు’ అంటే అట్లనే రాయండి. ‘తల’ అని మార్చొద్దు, ‘కూర్చున్నాడు’ అని దిద్దొద్దు. రాసింది చదివి వినిపించండి. ‘అట్ల కాదమ్మా, ముందు పొగ వచ్చింది, తర్వాత స్టార్టరు బంద్ చేసిండు’ అంటడు చూడండి. తను చెప్పింది తనే సరిచేసుకుంటున్నడన్న మాట. రాయడంలో సగం పని అదే. అప్పుడు వాడికి హంసపాదు నేర్పండి. రెండు మాటల నడుమ చిన్న గుర్తు పెట్టి, మర్చిపోయింది పైన రాసుకోవడం. పేజీ పాడైందని పిల్లలు అక్కడే ఆగిపోతరు. కొట్టేయొచ్చు, మధ్యలో చేర్చొచ్చు అని తెలిస్తే చేయి కదులుతది. మరునాడు కథలో చివరి రెండు వాక్యాలు మాత్రం వాడితో రాయించండి. అంతే చాలు.

నేను దేవరకొండ దిక్కు బడుల్లో తెలుగు చెప్పిన. తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు రాయాల్సి వచ్చేది. అమ్మను ‘యాడి’ అని వాళ్ల మాటలోనే రాసుకోనిస్తే పేజీ నిండేది. ఇంటి మాట రాయనిస్తే పరీక్షల భాష పాడైతదని పెద్దలు భయపడతరు. నేను ఒప్పుకోను. రాయడం అలవాటైన పిల్లలు పరీక్షకు ఏ మాట వాడాలో తర్వాత నేర్చుకుంటరు. రాయడమే మానేసినోళ్లకు ఏ భాషా రాదు.

పదిసార్లు రాయించడం ఇవాళే ఆపండి. అది రాతను శిక్ష చేస్తది. అట్లని తప్పులు వదిలేయమనడం లేదు. ఈ వారం ఒత్తులు ఒక్కటే చూడండి, వచ్చే వారం ల, ళ. ‘ఈ పేజీలో రెండు ఒత్తులు జారినయి, వెతుకు’ అంటే పిల్లలే పట్టుకుంటరు. ఎర్ర పెన్ను మాత్రం కథల నోటుబుక్కు దగ్గరికి రానీయొద్దు.

మీ ఆయన దూరంగా ఉండటం కష్టమే, కానీ బాబుకు రాయడానికి నిజమైన కారణం దొరికింది. పేజీని ఫోన్ల ఫొటో తీసి పంపండి. అయితే ఆయనకు ముందే ఒక మాట చెప్పండి. ‘దస్తూరీ బాగలేదు’ అనొద్దు, ‘మంచిగ రాసినవు’ అని ఊరుకోవద్దు. ఒక ప్రశ్న అడగమనండి: ‘మరి చెట్లకు నీళ్లెట్ల పెట్టిండ్రు? కొత్త మోటరు ఎవరు తెచ్చిండ్రు?’ నాన్నకు నిజంగా తెలుసుకోవాలని ఉందని తెలిస్తే, అడిగినదానికంటే ఎక్కువే రాస్తడు.

బడి వ్యాసాలకూ ఇదే దారి. వర్షాకాలమంతా ఒక పిల్లవాడి చేతికి పెద్దది. పోయినేటి వానకు మీ ఇంట్లో ఏం తడిసింది, ఎవరు తిట్లు తిన్నరు అని అడగండి. అక్కడి నుంచి మొదలుపెట్టనీయండి.

కడుపునొప్పిని నాటకం అనకండి, భయంతో నిజంగానే నొస్తది. బోర్డు మీదిది ఎక్కించేటప్పుడు తప్పులు పోతే కళ్లు చూపించండి. చదవడం కూడా తోటి పిల్లలకంటే బాగా కష్టమవుతుంటే, ఆలస్యం చేయక టీచరుతో మాట్లాడి నిపుణులకు చూపించండి.

ఇక అత్తమ్మకు చదువు రాదని రాసిండ్రు. బాబుకు అది మేలే. రాసింది ఆమెకు వాడే చదివి వినిపించాలె. రాత్రి బువ్వ తిన్నంక రోజూ ఒక పేజీ విననీయండి. ‘ఆగు బిడ్డా, వైరు ఎవరు పీకిండ్రు?’ అని ఆమె ఎక్కడ అడిగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోమనండి. మరునాడు ఆ ముక్క రాసి చేరుస్తడు.