ఇళ్ల ధరల మీద పరిశోధనా? అయితే ఎంబీఏ దారి కాదు

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతోంది. ఇళ్ల ధరలు, హోమ్‌లోన్ల మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. రియల్ ఎస్టేట్‌లో ఎంబీఏ చేయిస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదండీ. ఆ ఎంబీఏ బిల్డర్ల దగ్గర, బ్యాంకుల్లో, కన్సల్టెన్సీల్లో ఉద్యోగానికి పనికొస్తుంది. ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి, అదీ ఎకనామిక్స్‌లోనో ఫైనాన్స్‌లోనో. ఇళ్లు, అప్పులు అనేవి అందులో ఆమె ఎంచుకునే అంశం. మన యూనివర్సిటీల్లో రియల్ ఎస్టేట్ పేరు పెట్టి పోస్టు పడటం అరుదు. అర్బన్ ఎకనామిక్స్, బ్యాంకింగ్, ఫైనాన్స్ పోస్టుల్లోకే వెళ్లాలి.

కాబట్టి ముందు లెక్కలు గట్టిపడాలి. కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఆ తర్వాత ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక డేటాను గణాంకాలతో విశ్లేషించడం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డిగ్రీలో మ్యాథ్స్ తప్పించుకుని, ఎంఏలో చూసుకుందాంలే అనుకుంటారు. తీరా చూస్తే మంచి ఎంఏలోకి రానిచ్చేదే మ్యాథ్స్. ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రవేశ పరీక్షలో ఒక పేపరు దాదాపు అంతా గణితమే. మీ అమ్మాయి కాలేజీలో ఆ పేపర్లు లేకపోతే ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు చేసి, పరీక్ష కూడా రాసి సర్టిఫికెట్ తీసుకోమనండి. దాంతోపాటు గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్ లేదా స్టాటా, మ్యాపుల పనికి క్యూజీఐఎస్ నేర్చుకోవాలి. ఆర్, క్యూజీఐఎస్ రెండూ ఉచితమే.

ఎంఏ లేదా ఎంఎస్సీకి దగ్గర్లో బెంగళూరులోని అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, చెన్నై కొట్టూరుపురంలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ చూడండి. దూరమైనా ఫర్వాలేదంటే ఐఎస్ఐ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబైలో రిజర్వ్ బ్యాంక్ నెలకొల్పిన పరిశోధన సంస్థ ఐజీఐడీఆర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి.

ఇక అసలు కష్టం డేటా దగ్గర వస్తుంది. ఈ రంగంలో ఎవరు నిలబడతారో తేల్చేది అదే. ఇంటి ధరను గదులు, అంతస్తు, మెట్రోకి దూరం లాంటి వాటి విలువలుగా విడగొట్టే హెడోనిక్ పద్ధతికి షెర్విన్ రోజెన్ 1974లో సిద్ధాంతం ఇచ్చారు. ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైతే మధ్యలో ధర ఎంత మారిందో చూసే రిపీట్ సేల్స్ పద్ధతి కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ల వల్ల పేరుకెక్కింది. పుస్తకంలో రెండూ తేలిగ్గానే కనిపిస్తాయి. బెంగళూరు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లెక్కల మీద ప్రయోగిస్తే తంటా మొదలవుతుంది. చాలా దస్తావేజుల్లో రాసే ధర ప్రభుత్వం కట్టిన రేటు, అంటే గైడెన్స్ వాల్యూకి కాస్త అటూఇటూ. మిగతాది నగదు రూపంలో చేతులు మారుతుంది. ఆ అంకెలే ధర అనుకుంటే మార్కెట్‌ను కాదు, ప్రభుత్వం వేసిన రేటును కొలిచినట్టవుతుంది. చెన్నైలో ఇంకో చిక్కు. కొత్త ఫ్లాటుకు యూడీఎస్, అంటే స్థలంలో వాటా, ఒక దస్తావేజుగానూ నిర్మాణ ఒప్పందం విడిగానూ రాసుకోవడం చాలా ఏళ్లు నడిచింది. మొదటి కాగితం ఒక్కటే చూస్తే అడయార్‌లో ఫ్లాటు కారుచౌకగా కనబడుతుంది!

రిజర్వ్ బ్యాంక్ ఇళ్ల ధరల సూచీ రిజిస్ట్రేషన్ లెక్కల మీద నడుస్తుంది. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ ఇచ్చే ఇళ్ల ధరల సూచీలు, అంటే రెసిడెక్స్‌లో ఒక సూచీ అప్పిచ్చే సంస్థల వాల్యుయేషన్ల మీద నడుస్తుంది. బెంగళూరుకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఎందుకు విడిపోతున్నాయో రాయడం ఎంఏ డిసర్టేషన్‌కు చక్కటి అంశం. బెంగళూరు కార్పొరేషన్ రికార్డుల్లో అన్నీ సక్రమంగా ఉన్న ఏ ఖాతా, లోపాలున్న బీ ఖాతా ఇళ్ల ధరల తేడా కూడా బాగుంటుంది. బీ ఖాతాకు బ్యాంకు లోను సులువుగా దొరకదు కాబట్టి, అప్పు అందకపోతే ధర ఎంత తగ్గుతుందో అక్కడ చూడొచ్చు. కానీ బీ ఖాతాకు లేఅవుట్ అనుమతుల లోపాలూ ఉంటాయి. ధర పడింది లోను దొరక్కా, కాగితాలు సరిగా లేకా అన్నది విడదీయకపోతే పరీక్షకులు మొదటి ప్రశ్నే అది వేస్తారు. అప్పుల వైపు వెళ్తే రిజర్వ్ బ్యాంక్ పెట్టిన లోను పరిమితులున్నాయి: 30 లక్షల దాకా లోనుకు ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80, ఆపైన 75. ఆ గీతల దగ్గర జనం లోను మొత్తాన్ని ఎలా సర్దుకుంటారన్నది మంచి ప్రశ్న.

ఇప్పటికిప్పుడు ఒక చిన్న పని మొదలుపెట్టొచ్చు. వైట్‌ఫీల్డ్ మెట్రో 2023 మార్చిలో మొదలైంది. ఆ లైను పొడవునా ఓ 150 ఫ్లాట్ల ప్రకటనలు సేకరించి, స్టేషన్‌కు దూరాన్ని బట్టి ధర ఎలా మారుతోందో లెక్కగట్టే రిగ్రెషన్ వేయమనండి. ప్రాజెక్టుల వివరాలు కర్ణాటక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్లో ఉచితంగా దొరుకుతాయి. మూడు జాగ్రత్తలు: సూపర్ బిల్టప్‌నూ (ఉమ్మడి స్థలాల వాటా కలిపిన కొలత) కార్పెట్ ఏరియానూ (గోడల లోపలి కొలత) కలపకూడదు, ఒకే ఫ్లాటును ముగ్గురు బ్రోకర్లు పెడితే ఒకటిగానే లెక్కించాలి, అడిగే ధర అమ్ముడుపోయిన ధర కాదని రిపోర్టులో రాయాలి. మెట్రో తెరిచాక ఎంత పెరిగిందన్నది ఈ ఒక్కసారి సేకరణతో తేలదు. ధర చాలావరకు లైను ప్రకటించినప్పుడే పెరిగి ఉండొచ్చు కూడా.

పీహెచ్‌డీకి ఇక్కడైతే నాగరభావిలోని పరిశోధన సంస్థ ఐసెక్, ఐఐఎం బెంగళూరు ఉన్నాయి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. విదేశాల్లో వార్టన్, విస్కాన్సిన్, సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ, కేంబ్రిడ్జ్ ల్యాండ్ ఎకానమీ విభాగం ఈ అంశానికి పేరున్నవి. అమెరికాలో సాధారణంగా ఐదారేళ్లు పడుతుంది. ఫండింగ్ ఉన్న సీటైతే ఫీజు ఉండదు, స్టైపెండూ వస్తుంది. సొంత డబ్బుతో పీహెచ్‌డీ అంటే మాత్రం ఒప్పుకోకండి.

మొదటి జీతం చేతికొచ్చేసరికి ముప్పై దగ్గర పడుతుంది, ఇది ముందే తెలిసి ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం యూజీసీ స్కేల్లో 57,700తో, ఐఐటీల్లో గ్రేడ్ వన్‌కు 1,01,500తో మొదలవుతుంది. మధ్యలో మనసు మారినా నష్టం లేదు. ఎకనామిక్స్ ఎంఏతోనే రిజర్వ్ బ్యాంక్ పరిశోధన విభాగంలో గ్రేడ్ బి ఆఫీసర్ పరీక్ష రాయొచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల రిస్క్ విభాగాలూ ఇలాంటివాళ్లను తీసుకుంటాయి.