జర్మన్ మేనేజర్‌తో ఇంటర్వ్యూకి వేరే ప్రిపరేషన్ కావాలా?

మీ టెన్షన్‌కి కారణం ఇంటర్వ్యూ చేసే మేనేజర్ జర్మన్ కావడం కాదు, ఈ రౌండ్‌లో ఏం అడుగుతారో మీకు తెలియకపోవడం. గచ్చిబౌలి ఆఫీసులో టెక్నికల్ రౌండ్లు దాటేశారు. మ్యూనిక్ నుంచి వీడియో రౌండ్ అనగానే జర్మన్ల అలవాట్ల మీద వీడియోలు చూస్తున్నానని రాశారు. అవి ఆపేయండి. దేశాన్ని బట్టి మనిషి తీరు చెప్పలేం.

1. హెచ్‌ఆర్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి: ఈ రౌండ్‌లో ఏం చూస్తారు, ఎంతసేపు, ఎవరెవరు ఉంటారు. అడగడం తప్పు కాదు.

2. చాలామంది వదిలేసేది ఇది. మనం ముందు కథంతా చెప్పి, అసలు జవాబు చివర్లో చెబుతాం. "రిలీజ్ ఎందుకు లేటైంది?" అంటే క్లయింట్ దగ్గర మొదలుపెడతాం. అలా వద్దు. "టెస్టింగ్ ఆలస్యంగా మొదలైంది, ఆ నిర్ణయం నాదే" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. కారణాలు తర్వాత. మీ జవాబులు ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. అసలు మాట మొదట్లోనే వినపడకపోతే మళ్లీ చెప్పండి. వరంగల్ మేనేజర్ ముందైనా ఇదే పనికొస్తుంది.

3. తల అటూ ఇటూ ఆడించి ఊరుకోకండి. మన "సరే" స్క్రీన్ మీద వాళ్లకి "కాదు"లా కనిపించొచ్చు. నోటితో చెప్పండి.

4. జర్మనీ టైమ్ మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా మనకంటే మూడున్నర గంటలు వెనక, మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. ఇన్వైట్‌లో ఏ టైమ్‌జోన్ ఉందో చూసుకోండి.