జపం కుదరనిది మంత్రం వల్ల కాదు

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. వయసు 53, ప్రభుత్వ ఉద్యోగం, పిల్లలిద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. కొన్నేళ్లుగా తెల్లవారుజామునే లేచి పంచాక్షరి జపం చేస్తున్నా మనసు నిలవడం లేదనీ, మంత్రం మార్చుకోవాలా, లేక వేరే గురువును ఆశ్రయించాలా అనీ ఆయన మొదటి ప్రశ్న. ఈసారి అయ్యప్ప మాల వేసుకోవాలని సంకల్పించారు. అయితే నాలుగు నెలల కింద తుంటి ఎముక విరిగి మంచాన పడిన తల్లి వారి ఇంట్లోనే ఉంది. ఇంట్లో మడి నిలవదు కనుక ఆ 41 రోజులు ఆమెను వృద్ధాశ్రమంలో ఉంచితే దోషం తగులుతుందా, చివర్లో అన్నదానం చేస్తే ఆ దోషం తీరిపోతుందా అన్నది రెండో ప్రశ్న. "పరకాల దగ్గర మా ఊళ్లో కాలువ కింద అమ్మ పేరున ఉన్న ఎకరం పది గుంటలు తమ్ముడికే రాసిచ్చింది, ఇప్పుడు వాడు చేతులెత్తేశాడు" అన్న మాట ఉత్తరంలో మూడు చోట్ల ఉంది.

అయ్యా,

మీ మొదటి ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. మంత్రం మార్చనక్కరలేదు, గురువునూ మార్చనక్కరలేదు. పంచాక్షరిలో లోపం ఉండి మీ మనసు నిలవడం లేదని మీరు కూడా నిజంగా నమ్ముతున్నారని నేను అనుకోను. మనసు చంచలమైనదనీ, దాన్ని పట్టడం గాలిని పట్టడమంత కష్టమనీ గీత ఆరో అధ్యాయంలో అర్జునుడే మొరపెట్టుకున్నాడు. అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ అది లొంగుతుందని కృష్ణుడు చెప్పిన జవాబు మీకు తెలియనిది కాదు. ఇన్నేళ్లలో ఒక్క పొద్దూ తప్పలేదని రాశారు కాబట్టి అభ్యాసం మీకు ఉంది. లేనిది రెండోది.

జపం గురించి రాస్తూ రాస్తూ మీరు ఆ ఎకరం పది గుంటల దగ్గరికి వెళ్లిపోయారు. మాల గురించి రాస్తూ మళ్లీ అక్కడికే చేరారు. అమ్మ ఆరోగ్యం గురించి రాసిన చోట కూడా ఆమెకు నొప్పి ఎంత ఉందో, రాత్రి నిద్ర పడుతుందో లేదో ఒక్క ముక్క లేదు గానీ, రిజిస్ట్రేషన్ ఏ సంవత్సరం జరిగిందో, సాక్షి సంతకాలు ఎవరెవరు పెట్టారో ఉంది. గీత రెండో అధ్యాయంలోని 62, 63 శ్లోకాలు మీరు పారాయణం చేసేవే. విషయాన్ని ధ్యానించేవాడికి దాని మీద సంగం, అంటే ఆసక్తి, ఆ సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం, క్రోధం నుంచి సమ్మోహం, ఆపైన స్మృతి చెదరడం, చివరకు బుద్ధి నశించడం అని ఆ వరస. తెల్లవారి నాలుగింటికి పూసలు తిప్పుతూ మీరు ధ్యానిస్తున్నది ఆ పొలాన్ని. స్మృతి చెదరడం ఎట్లా ఉంటుందో కూడా మీ ఉత్తరంలోనే కనిపించింది. మిమ్మల్ని చదివించడానికి అమ్మ నాట్లకూ కలుపులకూ కూలికి పోయిందని ఒకచోట మీరే రాసి, ఆ కిందనే "ఆమె నాకు చేసిందేమీ లేదు" అన్నారు.

తమ్ముడి మీద కోపమని మీరు అనుకుంటున్నారు. తమ్ముడి మీదే అయితే తమ్ముడితోనే తగువు పెట్టుకునేవారు. వాడితో ఇంతవరకు ఈ సంగతి ఎత్తనే లేదని, పెద్దమనుషుల్లో కూడా పెట్టలేదని రాశారు. మీ కోపం మంచంలో ఉన్న మనిషి మీద ఉంది, తిరిగి ఏమీ అనలేని మనిషి మీద. ఆమె చేసింది పక్షపాతమే కావచ్చు, నేను కాదనను. ఒక కొడుక్కి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఇంకొక కొడుకు వాననూ కాలువనూ నమ్ముకొని బతుకుతాడు అన్నప్పుడు తల్లి మనసు ఎటు మొగ్గుతుందో మన పల్లెల్లో ఇంటింటా చూస్తూనే ఉన్నాం. మీకు ఒక్క మాట చెప్పకుండా రాసివ్వడం మాత్రం తప్పు. ఆ తప్పును ఆమె ఒక్కసారి చేసింది. మీరు దానికి శిక్షను రోజూ వేస్తున్నారు.

"భూమి తీసుకున్నవాడే చూసుకోవాలి" అన్న మాటను నేను ఏ రోజూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కూడా కన్నబిడ్డల బాధ్యతను ఆస్తి ముట్టిందా లేదా అన్నదానితో ముడిపెట్టలేదు. ఆస్తి షరతు పెట్టింది పిల్లలు లేని వృద్ధుల బంధువుల విషయంలోనే. చట్టమే అంత స్పష్టంగా ఉన్నప్పుడు, శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకున్న మీరు గుంటల లెక్క తీయడం నాకు బాధ కలిగించింది.

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కౌశికుడి కథను, చాలామంది వదిలేసే దాని చివరి భాగం కోసం గుర్తు చేస్తాను. చెట్టు కింద వేదం వల్లిస్తున్న కౌశికుడి మీద కొంగ రెట్ట వేస్తే ఆయన కోపంగా చూశాడు, అది చచ్చి పడింది. తరువాత భిక్షకు వెళ్లిన ఇంట్లో ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు ముందు వడ్డించి, ఆలస్యంగా భిక్ష తెస్తే ఆమె మీదా కళ్లెర్ర చేశాడు. "నేను కొంగను కాను" అని ఆమె అన్న మాట అందరికీ గుర్తుంటుంది. ఆమె చెప్పగా ఆయన మిథిలకు వెళ్లి, మాంసం అమ్ముకునే అంగడిలో ధర్మవ్యాధుణ్ని కలిసి ఎంతో ధర్మం విన్నాడు. బోధ అంతా అయ్యాక వ్యాధుడు ఆయనను ఇంటి లోపలికి తీసుకుపోయి, కడుపునిండా తిని తెల్లని బట్టలతో ఆసనాల మీద కూర్చున్న తన ముసలి తల్లిదండ్రులను చూపించి, లోకం దేవతలకు చేసేదంతా నేను వీరికి చేస్తాను అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. నువ్వు వేదం చదువుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచావు, నీ మీద బెంగతో వారు చూపు పోగొట్టుకున్నారు, వెళ్లి వారిని ప్రసన్నం చేసుకో, లేకుంటే నువ్వు చేసినదంతా వ్యర్థం అని చెప్పి పంపించాడు. ఆ కథ ఒక సాధకుడి కోపంతో మొదలైందని, ముసలి తల్లిదండ్రుల దగ్గరికి ఆయన తిరుగు ప్రయాణంతో ముగిసిందని గమనించండి. మధ్యలో కౌశికుడికి కొత్త మంత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇక వృద్ధాశ్రమం. చూసే దిక్కు లేకనో, ఇంట్లో చేయలేని వైద్యం కోసమో అమ్మను వేరేచోట ఉంచవలసి వచ్చినవారిని నేను తప్పు పట్టను, వారి బాధ వేరు. మడి కోసం పంపిస్తానంటే మాత్రం అది దోషమే. ఏ అన్నదానమూ దాన్ని కడగదు. అయ్యప్ప దీక్ష మీద నాకు గౌరవం ఉంది. నల్లబట్టలు కట్టి, చన్నీళ్ల స్నానం చేసి, నేల మీద పడుకొని, ఇంద్రియాలను అదుపులో పెట్టుకున్నవారి ముఖాల్లో కనిపించే తేటను మన కాజీపేట వీధుల్లో ఏటా చూస్తున్నాను. కానీ మాలలో ఉన్నవారు ఎదురైన ప్రతి స్త్రీనీ మాత అనే పిలవాలి. శబరిమల సన్నిధిలో తత్త్వమసి, అంటే అది నువ్వే, అని రాసి ఉంటుంది. కన్నతల్లిని గడప దాటించి, వీధిలో ఎదురైన ఆడవాళ్లను మాతా అని ఏ నోటితో పిలుస్తారు? మీరు భయపడుతున్న మైల స్నానంతో పోయేది. పసితనంలో మీకు అన్నీ ఎత్తిన చేతులతోనే ఆమె దీపం కూడా పెట్టింది. మన పక్క బమ్మెర పోతన తెలుగు చేసిన భాగవతంలో తృతీయ స్కంధం తీసి చూడండి. విష్ణువు అవతారమైన కపిలుడు అక్కడ బోధిస్తున్నది తన తల్లి దేవహూతికి. ప్రాణులన్నింటిలో ఉన్న నన్ను తిరస్కరించి విగ్రహాన్ని మాత్రం కొలిచేవాడిది పూజ కాదు, అది బూడిదలో పోసిన ఆహుతి అన్న భావం ఆ బోధలోదే.

మీరు చేయవలసింది చెబుతాను. ఉత్తరంలో "మేము అమ్మకు అన్నీ చేస్తున్నాం" అని రాశారు. మీ రాతను బట్టే పక్కగుడ్డలు ఉతికేది, జావ తాగించేది, రాత్రి లేచి చూసేది మీ ఇంటావిడ. మీ జపానికి పూజగది తుడిచి పెట్టేదీ ఆమే. భార్య చేత చేయించి దాన్ని మాతృసేవగా లెక్క వేసుకోకండి. కోడలు చేస్తే అది ఆమె మంచితనం, బాధ్యత కొడుకుది.

జపాన్ని కొంత వెనక్కి జరపండి. లేవగానే అమ్మ గదిలోకి వెళ్లి మీ చేతులతో ఆమెకు పక్క మార్చండి. మంచాన పడ్డవారిని సుమారు రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. తుంటి విరిగిన మనిషి కాబట్టి ఎటు తిప్పాలో, కాలు ఎట్లా పట్టుకోవాలో డాక్టరును అడిగి నేర్చుకోండి. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, బట్ట మార్చండి. రాగిజావ పట్టేటప్పుడు డాక్టరు ఒప్పుకున్నంత మేర వీపు వెనుక దిండ్లు పెట్టి ఎత్తు చేయండి, చెంచాతో కొద్దికొద్దిగా పోయండి, తాగిన వెంటనే పడుకోబెడితే పొలమారుతుంది కనుక అరగంట ఆగండి. ఆ తరువాత స్నానం చేసి, జపమాల తీసుకొని ఆమె మంచం పక్కనే కూర్చోండి. మధ్యలో ఆమె పిలిస్తే ఉన్న పూస దగ్గర ఆపి లేవండి. పొలం గుర్తొస్తుంది, కోపం వస్తుంది. రానివ్వండి. ఆ ముడతలు పడిన ముఖం ఎదుట ఉండగా అది ఎక్కువసేపు నిలవదని నా గట్టి నమ్మకం.

గీత పదిహేడో అధ్యాయం మాటకు కూడా ఒక తపస్సును విధించింది. ఎదుటివారిని నొప్పించని, నిజమైన, ప్రియమూ హితమూ అయిన మాట ఆ తపస్సు. "తిన్నవా, గోలీ వేసుకున్నవా" అన్న రెండు మాటలు తప్ప ఆమెతో మాట్లాడటం లేదని మీరే రాశారు. ఐనవోలు జాతరలో విన్న ఒగ్గు కథల గురించి, మీ ఊరి చిరుతల రామాయణం గురించి, మీ నాన్నతో ఆమె గడిపిన రోజుల గురించి అడగండి. పొలం సంగతి మీరు ఎత్తకండి. ఆమె తనంతట తాను ఎత్తితే, మధ్యలో అడ్డు రాకుండా వినండి.

ఈ ఆదివారం ఊరికి వెళ్లి తమ్ముడితో కూర్చోండి. నోరు మూసుకొని త్యాగం చేయమని నేను చెప్పడం లేదు. భూమి మాట మీ గుండెలో ఉంటే వాడి ముందే అనండి, కావాలంటే పెద్దమనుషుల ముందు అనండి. ఖర్చులో సగం వాడు పెట్టుకోవాలని, వారంలో రెండు రోజులు వాడో మరదలో వచ్చి అమ్మ దగ్గర ఉండాలని గట్టిగా అడగండి. ఒప్పుకోకపోయినా మీరు చేసేది ఆపకండి. ఒప్పుకుంటే ఆ సంగతి ఇంటికి వచ్చి అమ్మకు మీరే చెప్పండి. వంతులు వేసుకొని ఆమెను ఆటోలో ఎక్కించి ఊరికీ హన్మకొండకూ తిప్పే ఆలోచన మాత్రం ఇద్దరూ మానుకోవాలి. ఆ ఎముక తట్టుకోలేదు.

మాల మరో ఏడు వేసుకోవచ్చు, ఆమె చేతుల మీదుగానే వేసుకోవచ్చు. అన్నదానానికని మీరు పక్కన పెట్టిన డబ్బుతో ముందు ఆమెకు పుండ్లు పడకుండా ఒక నాణ్యమైన వాటర్ బెడ్ కొనండి. మిగిలిన దానితో రాత్రిపూట ఒక ఆయాను పెట్టండి, మీ ఇంటావిడ కంటినిండా నిద్రపోవాలి.