పరుగు చాలక కాదు, పని దొరక్క

ఏడాదిన్నర వయసున్న మీ కుక్కను రోజూ రెండు గంటలు పరిగెత్తిస్తున్నా, తిరిగొచ్చాక ఇల్లు పీకి పందిరి వేస్తోందని రాశారు. ఇంకా ఎంతసేపు తిప్పాలని అడిగారు. ఇంకా తిప్పకండి. నేను ఎనిమిది నెలలు అదే దారిలో వెళ్లి చూశాను.

మాది బోర్డర్ కోలీ, గొర్రెలు కాసే జాతి, ఆడది. అరగంట చాలట్లేదని గంట, గంట చాలట్లేదని రెండు గంటలు చేశాను. రోజూ పరిగెత్తే కుక్కకు దమ్ము పెరుగుతుంది, అందుకని నెలనెలా ఇంకాస్త ఎక్కువ పరుగు కావాల్సి వచ్చేది. మధ్యలో బంతి విసరడం మొదలుపెట్టాను, అది ఇంకా చేటు చేసింది. ఆపకుండా యాభైసార్లు విసిరితే ఒళ్లు అలసిపోతుందేమో గానీ లోపలి ఉద్రేకం దిగదు. ఇంటికొచ్చి గంటైనా ఒగరుస్తూనే ఉండేది, గోడ మీద నీడ కదిలితే దూకేది.

చివరికి ఒక వారం అన్నీ పక్కనపెట్టి, అది ఏం చేస్తోందో ఊరికే చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ వారమే. సైకిల్ కనబడగానే నేలకు కరుచుకుపోయి, తల వంచి, రెప్ప వేయకుండా చూసేది. ఇంట్లో ఎగబడి తినే బిస్కెట్ ముక్కను అప్పుడు ముక్కుకు ఆనించినా పట్టించుకునేది కాదు. దానికి తిండి కంటే ఆ చూపే ఎక్కువ. పరుగంటే కూడా అంత మోజు లేదు. పరుగుకు ముందు నక్కి ఉండే ఆ క్షణం దానికి కావాలి.

వేటలో ఒక వరస ఉంటుంది: పసిగట్టడం, చూపు నిలపడం, నక్కి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపడం. మనుషులు తరతరాలుగా ఏరి పెంచడంతో ఒక్కో జాతిలో ఒక్కో ముక్క బలపడింది. గొర్రెలు కాసే కుక్కల్లో చూపు, నక్కడం, తరమడం మిగిలాయి, చివరివి బలహీనపడ్డాయి. లాబ్రడార్‌కు నోట్లో ఏదో ఒకటి పట్టుకుని మోయాలి. బీగిల్‌కు ముక్కే లోకం. అయినా జాతి మీకు ఆధారం మాత్రమే. మా అక్క దగ్గరున్నదీ బోర్డర్ కోలీనే, సైకిల్ వంక తలెత్తి కూడా చూడదు. దానికి పాత తువ్వాలు పట్టుకుని మనిషితో గుంజులాడటమే పండగ.

ఆ తర్వాత నేను చేసింది చిన్నదే. కర్రకు తాడు, తాడు చివర గుడ్డముక్క కట్టాను. దూరంగా సైకిల్ పోతుంటే అది చూస్తుంది. దాన్నుంచి చూపు తిప్పి నావైపు చూసిన మరుక్షణం గుడ్డను నేల మీద కదిలిస్తాను, నక్కి తరుముతుంది. ఎక్కువ ఇష్టమైన పని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా పనిచేస్తుందని డేవిడ్ ప్రీమాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే చెప్పాడు. బిస్కెట్లతో నెలల తరబడి కుదరనిది ఇలా మూడు వారాల్లో కుదరడం మొదలైంది. ఒక్కసారికి ఐదు నిమిషాలే, అదీ మధ్యమధ్యలో ఆపుతూ. ఎగిరి దూకకుండా గుడ్డను నేలకు ఆనించే ఉంచండి, కీళ్లకు మంచిది.

నడక నలభై నిమిషాలకు తగ్గించాను. అందులో సగం దాని ఇష్టం, ఎక్కడ ఆగితే అక్కడ ఆగి వాసన చూడనిస్తాను. కుక్కల ప్రవర్తనను పరిశోధించే షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు వారాలు వాసనతో వెతికే ఆట ఆడిన కుక్కలు, తిండి ఉందో లేదో తెలియని గిన్నె దగ్గరకు మునుపటి కంటే త్వరగా, ఆశగా వెళ్లాయి. యజమాని పక్కనే నడవడం సాధన చేసిన కుక్కల్లో ఆ మార్పు రాలేదు. మా ఇంట్లోనూ నాకు కనబడింది: ముక్కుతో పావుగంట పనిచేసి వచ్చిన రోజు తనంతట తానే పడుకుంటుంది.

నిద్ర సంగతి కూడా చూడండి. ఎదిగిన కుక్కలు కూడా రోజులో సగం దాకా నిద్రపోతాయి. మాది రాత్రి ఏడింటికి చేసే అల్లరి, నిద్ర ముంచుకొస్తున్న పసిపిల్ల పేచీ లాంటిదే. ఆ వేళకు దీపం తగ్గించి, నమలడానికి ఏదైనా ఇచ్చి పక్కన కూర్చుంటే చాలు.

మీ కుక్క ఏం పీకుతోందో రాయలేదు. మీరు లేనప్పుడే చేస్తుంటే అది ఒంటరితనపు భయం కావచ్చు, దానికి దారి వేరు. ఉన్నట్టుండి మొదలైతే ముందు పశువైద్యుడికి చూపించండి. అలా కాదనుకుంటే, చెప్పు దొరికినప్పుడు ఏం చేస్తుందో ఈ వారం గమనించి రాయండి. నోట కరుచుకుని ఇల్లంతా తిరుగుతుంటే మోసే పని ఇవ్వాలి. పీలికలు చేస్తుంటే చింపుకోవడానికి అట్టపెట్టెలు ఇవ్వాలి. చెప్పు ఎత్తుకుని మీరు చూస్తున్నారా లేదా అని వెనక్కి తిరిగి చూస్తుంటే, దానికి కావాల్సింది మీరు.